ఫీజు కట్టే తేదీనాటికి మనం ఎవరం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ గారు ఫోన్ చేసి, "మెల్‌బోర్న్‌లో ఉంటున్నావు కదా, విదేశీ చదువుల గురించి ఓ అరగంట మాట్లాడు" అన్నారు. విదేశీ చదువుల గురించి మాట్లాడ్డానికి ఇప్పుడు మన బస్టాండు చుట్టూనే కన్సల్టెన్సీలు ఉన్నాయి. వాళ్ళు నాకంటే బాగా చెప్తారు, పైగా టీ కూడా ఇస్తారు. అందుకని వాళ్ళు చెప్పని సంగతి ఒకటి ఎంచుకున్నాను. స్టూడెంట్ వీసా మీద వెళ్ళే పిల్లల సంగతి కాదిది. పర్మనెంట్ రెసిడెన్సీ, మనందరం పి.ఆర్. అంటున్నామే, అది సంపాదించి పెళ్ళాం పిల్లలతో సహా వెళ్ళి స్థిరపడ్డవాళ్ళ సంగతి. వాళ్ళ పిల్లలు అక్కడ యూనివర్సిటీలో చేరేరోజున ఎంత ఫీజు కట్టాలి, ఎప్పుడు కట్టాలి అన్న సంగతి. మన స్కూలు నుంచి అలా వెళ్ళినవాళ్ళు ఇవాళ ఈ హాల్లోనే డజను మంది పైన కనిపిస్తున్నారు. వెళ్ళబోయేవాళ్ళు ఎందరో తెలీదు.

అయితే నేను మెల్‌బోర్న్ నుంచి కాదు, ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

1985 వేసవి. నాన్న బ్యాంకులో గుమాస్తా. రెండేళ్ళ ముందు రాయచూరు బదిలీ అయితే అందరం వెళ్ళాం. నా ఏడు, ఎనిమిది తరగతులు అక్కడే. సెలవులకు ఊరొస్తే, అప్పటి మన హెడ్మాస్టరు గారు బజార్లో నాన్నకి ఎదురుపడి, "పిల్లాణ్ణి ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగారట. "ఇంకో ఏడాదిలో నాకు బదిలీ వచ్చేస్తుంది సార్, పదో తరగతికి ఇక్కడ వేసేస్తాను" అన్నాడు నాన్న. హెడ్మాస్టరు గారు వేళ్ళు మడిచి లెక్క చెప్పారట. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. వరసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివితే లోకల్. ఒక ఏడాది తగ్గిందా, రేపు ఇంజనీరింగ్ సీటు దగ్గర లోకల్ అనిపించుకోవడం కష్టం. "బదిలీ కోసం చూడకండి. ఈ జూన్‌లోనే తెచ్చి చేర్పించండి" అన్నారు.

కుర్రవాళ్ళ కోసం ఒక మాట. 1973లో రాజ్యాంగానికి చేర్చిన 371-డి అధికరణ, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీల పరిధులుగా చూసి, ఏ ప్రాంతం సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం లోకల్ పిల్లలకే ఇచ్చేవారు. లోకల్ ఎవరు అనేదానికి మొదటి కొలబద్ద నాలుగేళ్ళ చదువు. దానికి సాక్ష్యం మన స్కూలు గుమస్తా గారు చేత్తో రాసి, ఊదారంగు స్టాంపు కొట్టి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్టు.

జూన్‌కల్లా అమ్మ, నేను, చెల్లి వచ్చేశాం. నాన్న రాయచూరులో ఒక గది తీసుకుని పదమూడు నెలలు మెస్సులో తిన్నాడు. 1989లో నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది. లోకల్ కోటాలో, చివర్లో. నాన్‌లోకల్ అయ్యుంటే వచ్చేది కాదు.

ఇక అక్కడికి వెళ్దాం.

మేం 2016 జూలైలో స్కిల్డ్ వీసా మీద మెల్‌బోర్న్‌లో దిగాం. నాకు నలభై నాలుగేళ్ళు. మా అమ్మాయికి పదమూడు. పి.ఆర్. చేతిలో ఉంటే స్కూలు ఫీజు లేదు, వైద్యానికి మెడికేర్ కార్డు వచ్చింది, ఉద్యోగానికి ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేదు. ఓటు తప్ప అన్నీ ఉన్నాయి కదా, ఇంక మనకీ అక్కడివాళ్ళకీ తేడా ఏముంది అనుకున్నాం. అందరూ అలాగే అనుకుంటారు. తేడా ఇంట్లో పిల్లకి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా కనపడదు.

అక్కడ యూనివర్సిటీ ఫీజు ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపిగ్గా వినండి, అసలు విషయం అందులోనే ఉంది. 1974లో విట్లమ్ ప్రభుత్వం యూనివర్సిటీ ఫీజులు పూర్తిగా ఎత్తేసింది. 1989లో హాక్ ప్రభుత్వం మళ్ళీ ఫీజు పెట్టింది, కానీ ఒక కొత్త పద్ధతిలో. ఏడాదికి 1,800 డాలర్లు విద్యార్థి వాటా, అది చేరేటప్పుడే కట్టక్కర్లేదు. ఉద్యోగం వచ్చి జీతం ఒక స్థాయి దాటాక పన్నుతోపాటు కట్టుకోవచ్చు. దాన్నే హెక్స్ అన్నారు, ఇప్పటి పేరు హెక్స్-హెల్ప్. వడ్డీ లేదు, ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల రెండింటిలో ఏది తక్కువైతే దాన్నిబట్టి అప్పు పెరుగుతుందంతే. తండ్రి దగ్గర డబ్బుందా లేదా అని ఎవరూ అడగరు. నన్నడిగితే, ఇరవయ్యో శతాబ్దంలో చదువుల విషయంలో వచ్చిన మంచి ఆలోచనల్లో ఇదొకటి. బ్యాంకులో ఆస్తి తనఖా పెట్టి పిల్లల్ని పంపే మనలాంటివాళ్ళకి దాని విలువ బాగా తెలుస్తుంది.

ఇందులో రెండు వేర్వేరు సౌకర్యాలున్నాయి, జనం కలిపేసుకునేది ఇక్కడే. ఒకటి, ప్రభుత్వం ఖర్చులో కొంత భరించే సీటు. దాన్ని కామన్వెల్త్ సపోర్టెడ్ ప్లేస్ అంటారు. రెండోది, మిగతా వాటాని అప్పుగా రాసుకునే హెక్స్-హెల్ప్. పౌరులకి రెండూ ఉన్నాయి. పి.ఆర్. వాళ్ళకి మొదటిది ఉంది, రెండోది లేదు. అంటే ఫీజు పౌరుడికీ మనకీ ఒకటే. బయటి దేశం విద్యార్థి కట్టే పెద్ద ఫీజు మనం కట్టక్కర్లేదు. ఆ మేరకు ఆ దేశం పన్నులు కట్టేవాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ పౌరుడి బిడ్డ సంతకం పెట్టి క్లాసులోకి వెళ్తుంది, మన బిడ్డ సెమిస్టరు మొదట్లోనే మొత్తం డబ్బు కట్టి వెళ్ళాలి. శరణార్థులుగా శాశ్వత వీసా మీద వచ్చినవాళ్ళకి మాత్రం అప్పు సౌకర్యం ఉంది, అది న్యాయమే. మనలాంటి మామూలు పి.ఆర్.లకి లేదు. విదేశాల్లో డిగ్రీ చేసి, అక్కడ వృత్తిలో గుర్తింపు కోసం బ్రిడ్జింగ్ కోర్సు చదివే డాక్టర్లు, నర్సుల్లాంటివాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. అది పెద్దవాళ్ళ సంగతి.

ఇప్పుడు మా ఇంటి లెక్క. మా అమ్మాయి 2020లో పన్నెండో తరగతి పూర్తి చేసింది. మార్కులు బాగా వచ్చాయి. లా చదవాలని దాని కోరిక. పదో తరగతి నుంచీ అదే మాట. సరిగ్గా 2021 నుంచి ఆ దేశంలో ఫీజులు మార్చారు. దేశానికి ఏ ఉద్యోగాలు కావాలో ఆ చదువులు చవక, మిగిలినవి ఖరీదు అన్నది వాళ్ళ ఆలోచన. టీచింగ్, నర్సింగ్ ఏడాదికి 3,950 డాలర్లు. ఇంజనీరింగ్, కంప్యూటర్లు 7,950. మెడిసిన్ 11,300. లా, కామర్సు, చరిత్ర, సామాజిక శాస్త్రాల్లాంటివి 14,500. మెడిసిన్ కంటే చరిత్ర ఖరీదు! ఈ లెక్క వేసిన పెద్దమనిషి ఎవరోగానీ, ఇంజనీరుగా నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

అప్పు సౌకర్యం ఉన్న పిల్లకి ఈ తేడా కాగితం మీద అంకె. ఎప్పుడో జీతంలోంచి పోతుంది. 2020-21లో జీతం ఏడాదికి 46,620 డాలర్లు దాటితేనే కట్టడం మొదలు. మా అమ్మాయికి మాత్రం అది ఆ మార్చి నెలలో నేను చూపించాల్సిన డబ్బు. లా అయితే సెమిస్టరుకి 7,250, అలా ఐదేళ్ళు. అప్పటి మారకంలో ఏడాదికి ఎనిమిది లక్షల రూపాయలు. 2019లో ఇల్లు కొన్నాం, ప్రతి నెలా వాయిదా. 2020లో కరోనా వచ్చి నా ఉద్యోగం వారానికి మూడు రోజులకు కుదించారు. మా ఆవిడ పనిచేసే చైల్డ్ కేర్ సగం రోజులు మూతే. కొత్తగా వచ్చినవాళ్ళకి చదువుకునే పిల్లల ఖర్చుకిచ్చే ప్రభుత్వ భత్యానికి కూడా నాలుగేళ్ళ నిరీక్షణ పెట్టారు. మా నాలుగేళ్ళు అప్పటికి నిండాయి గానీ, అది ఇంటి ఆదాయం చూసి ఇచ్చేది.

దాని క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఉంది. మనవాళ్ళే, గుంటూరు వైపు కుటుంబం. ఒకే స్కూలు, దాదాపు ఒకే మార్కులు. తను అక్కడే పుట్టింది. తల్లిదండ్రుల్లో ఒకరు పి.ఆర్. అయి ఉంటే అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే పౌరురాలు. ఆ అమ్మాయి లాలో చేరింది. ఒక ఫారం నింపి, పన్ను నంబరు రాసి సంతకం పెట్టింది. చేతినుంచి ఒక్క డాలరు కదల్లేదు.

మా అమ్మాయి ఒక ఆదివారం రాత్రి అన్నం తింటూ, "డాడీ, నేను టీచింగ్ తీసుకుంటాను. నాకు పిల్లలంటే ఇష్టమే కదా" అంది. నేను "ఆలోచించుకో అమ్మా" అన్నాను. వద్దు, లా చదువు, నేను ఎలాగోలా తెస్తాను అని అనలేదు. అదీ జరిగింది.

ఇంతవరకు చెబితే తప్పంతా ఆ ప్రభుత్వానిదే అన్నట్టు ఉంటుంది. కాదు. ఇందులో నా వంతు ఉంది, అది చెప్పడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

ఆస్ట్రేలియా పౌరసత్వానికి అర్జీ పెట్టాలంటే అక్కడ చట్టబద్ధంగా నాలుగేళ్ళు ఉండాలి, అందులో చివరి ఏడాది పి.ఆర్.గా. మధ్యలో బయట గడిపిన కాలం మొత్తం పన్నెండు నెలలు మించకూడదు, ఆఖరి ఏడాదిలో తొంభై రోజులు మించకూడదు. మాకు 2020 జూలైకి నాలుగేళ్ళు నిండాయి. ఆ నెలలోనే అర్జీ పెట్టి ఉండొచ్చు. మరీ ఆలస్యమైనా అమ్మాయి రెండో ఏడాదికల్లా పని అయ్యేది. ఒక ఏడాది ఫీజు ఎలాగోలా సర్దుకుంటే తర్వాత నాలుగేళ్ళు అప్పు ఖాతాలోకి వెళ్ళేవి. అది లా చదివేది.

నేను పెట్టలేదు. రెండు కారణాలు. ఒకటి మనసు. మనకి ద్వంద్వ పౌరసత్వం లేదు. అక్కడ ప్రమాణం చేసిన రోజున ఇక్కడి పౌరసత్వం పోతుంది, నీలం పాస్‌పోర్టు అప్పగించాలి. తర్వాత ఓ.సి.ఐ. కార్డు తీసుకోవచ్చు. ఆ కార్డులు మొదట ఇచ్చింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో. కానీ కార్డు కార్డే, పాస్‌పోర్టు పాస్‌పోర్టే. ఇక్కడి విమానాశ్రయంలో విదేశీయుడి వరసలో నిలబడాలన్న ఊహ నాకు నచ్చలేదు.

రెండో కారణం పొలం. తాతగారి నుంచి వచ్చిన మూడున్నర ఎకరాలు, అన్నయ్యతో పంపకం కాలేదు. పౌరసత్వం మారితే నా వాటాకి చిక్కు వస్తుందని ఎవరో అన్నారు. పంపకం అయ్యాక చూద్దాం అనుకున్నాను. అమ్మాయిని కూడా, "అందరం కలిసి పెడదాం, తొందరేముంది" అని ఆపాను. దానికప్పుడు పదిహేడు. అక్కడ పదహారేళ్ళ లోపు పిల్లల్ని తల్లిదండ్రుల అర్జీలోనే చేర్చొచ్చు. పదహారు నిండితే విడిగా పెట్టుకోవాలి. విడిగా పెట్టుకోనిచ్చినా సరిపోయేది.

తర్వాత ఒక ఆడిటరుని అడిగితే పది నిమిషాల్లో తేలింది. విదేశంలో ఉంటున్న భారతీయ పౌరుడిగా కూడా నేను వ్యవసాయ భూమి కొనలేను. పాస్‌పోర్టు ఉంచుకున్నంత మాత్రాన ఆ హక్కు రాదు. వారసత్వంగా వచ్చే భూమి ఓ.సి.ఐ. అయినా వస్తుంది. అంటే ఏ పొలం కోసం ఆగానో, ఆ పొలానికి నా ఆగడంతో సంబంధమే లేదు. ఆ పది నిమిషాల ఫోను నేను 2020లో చెయ్యలేదు, 2022లో చేశాను.

అర్జీలు 2022 మార్చిలో పెట్టాం. 2023 మొదట్లో ఆమోదం అని ఉత్తరం వచ్చింది. ఆమోదం వస్తే పౌరులైపోయినట్టు కాదు, మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళు పెట్టే సభలో ప్రమాణం చేసిన క్షణం నుంచే. మాకు ఏప్రిల్ మూడో వారంలో తేదీ ఇచ్చారు. యూనివర్సిటీలో మొదటి సెమిస్టరుకి సెన్సస్ డేట్ అని ఒకటుంటుంది, జనాభా లెక్కలతో సంబంధం లేదు. ఆ రోజుకి నువ్వు ఎవరో దాన్నిబట్టే ఆ సెమిస్టరు ఫీజు. అది మార్చి 31. ఇరవై రోజుల తేడాతో ఇంకో సెమిస్టరు చేతినుంచి కట్టాం. ఆగస్టు నుంచి, అంటే నాలుగేళ్ళ కోర్సులో ఆఖరి మూడు సెమిస్టర్లకి, హెక్స్ వచ్చింది. 2025లో అక్కడి ప్రభుత్వం విద్యార్థుల అప్పులన్నిటిలో 20 శాతం కొట్టేసింది. అప్పున్నవాళ్ళకే. ముందే నగదు కట్టినవాళ్ళకి ఏమీ లేదు. దాని లా స్నేహితురాలికి వేల డాలర్లు తగ్గాయి, మా అమ్మాయికి అంతకంటే చాలా తక్కువ తగ్గింది.

ప్రమాణం చేసొచ్చాక నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అంతకుముందు ఫీజు సంగతి ఆయనకి చెప్పలేదు. ఎనభై దాటిన మనిషి. నేను పాస్‌పోర్టు వదిలానని బాధపడతాడేమో అనుకున్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు లోకల్ కావడానికి నేను పదమూడు నెలలు మెస్సులో తిన్నాన్రా. నువ్వు పిల్ల కోసం ఒక కాగితం వదల్లేకపోయావా?" అన్నాడు.

ఆస్ట్రేలియా చేసింది న్యాయమా అని కూడా నేను ఆలోచించాను. పి.ఆర్. వాళ్ళకి అప్పు ఇవ్వకపోవడానికి చెప్పే వాదన, వాళ్ళు దేశం వదిలిపోతే వసూలు కాదని. ఒకప్పుడు అందులో కొంత పస ఉంది. కానీ 2015లో వాళ్ళే చట్టం చేశారు, దేశం వదిలి వెళ్ళినవాళ్ళు కూడా తమ ప్రపంచ ఆదాయం చూపించి ఈ అప్పు తీర్చాలని. 2017 నుంచి అది అమల్లో ఉంది. లండన్‌లో ఉద్యోగం చేసే పౌరుడి దగ్గర వసూలు చేయగలిగితే, పన్ను నంబరు, ఇల్లు, ఇంటి మీద అప్పు అన్నీ అక్కడే ఉన్న నా కుటుంబం దగ్గర చేయలేరా? పన్ను ఇద్దరం ఒకే రేటున కడుతున్నాం.

అయినా ఇది ఇంకా నయం అనిపించే సంగతి ఒకటుంది. 2017 మే బడ్జెట్‌లో ఆ ప్రభుత్వం ఒక ప్రతిపాదన తెచ్చింది: 2018 నుంచి కొత్తగా చేరే పి.ఆర్. విద్యార్థుల్లో ఎక్కువమందికి, న్యూజిలాండ్ పౌరులకీ సబ్సిడీ సీటు తీసేసి, పూర్తి ఫీజు వసూలు చేస్తాం, కాకపోతే దానికి అప్పు ఇస్తాం అని. సెనేట్‌లో ఆ బిల్లు ముందుకు కదల్లేదు. మేం అప్పటికి వెళ్ళి పది నెలలు. సాయంత్రం టీవీలో ఆ వార్త విని, ఛానెల్ మార్చి క్రికెట్ పెట్టుకున్నానని బాగా గుర్తు. పర్మనెంట్ అన్న మాటలో ఎంత పర్మనెన్సీ ఉందో ఆరోజే తెలిసి ఉండాల్సింది. ఉండనిచ్చే హక్కు పర్మనెంటు. ఫీజు రాయితీ బడ్జెట్‌లో ఒక పద్దు, ఏ ఏడాదైనా గీత గీసేయొచ్చు.

మిగతా దేశాల గురించి రెండు ముక్కలు. ఇంగ్లండులో హోమ్ ఫీజు కావాలంటే అక్కడ స్థిరనివాస అనుమతి ఒక్కటే చాలదు, కోర్సు మొదలయ్యే రోజుకి ముందు మూడేళ్ళు అక్కడ కాపురం ఉండి ఉండాలి. అక్కడ జాంబియాలో పుట్టి ఆరో ఏట వచ్చిన బ్యూరిష్ టిగెరే అనే అమ్మాయి, తనకు స్థిరనివాస ముద్ర లేదని స్టూడెంట్ లోన్ ఇవ్వకపోతే సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 2015లో గెలిచింది. చిన్నప్పటినుంచి అక్కడే బడికెళ్ళిన పిల్లని ఒక్క ముద్ర లేదని గంపగుత్తగా పక్కన పెట్టడం కుదరదంది కోర్టు. అమెరికాలో గ్రీన్ కార్డు ఉంటే ప్రభుత్వ సాయానికి కూడా అర్హులే. అక్కడ మనవాళ్ళ కష్టం ఆ కార్డు రావడమే. హెచ్-1బి తల్లిదండ్రుల వరస ముందుకు కదలక, పిల్లకి ఇరవై ఒకటి నిండి, పుస్తకాల సంచీ పట్టుకుని స్టూడెంట్ వీసాకి మారిన ఇళ్ళు మనకందరికీ తెలుసు.

ఇటువైపు తలుపు కూడా మూసుకుంటోందని మర్చిపోవద్దు. పిల్లలు విదేశీ పౌరులై, ఇక్కడికొచ్చి మెడిసినో ఐఐటీయో చదువుతారంటే, 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓ.సి.ఐ. పిల్లలు ఎన్.ఆర్.ఐ. సీట్లకో, సూపర్‌న్యూమరరీ సీట్లకో మాత్రమే పోటీపడాలి. ఆ తేదీకి ముందే కార్డు ఉన్నవాళ్ళకి మాత్రం పాత హక్కు ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పౌరసత్వం మార్చుకోమని నేను ఎవరికీ గుడ్డిగా చెప్పడం లేదు. పిల్ల ఎక్కడ చదువుతుందో ముందు తేల్చుకుని, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టమంటున్నాను. మన హెడ్మాస్టరు గారు చేసిందదే. ఈ లెక్క విదేశాలకే అనుకోకండి. హైదరాబాద్‌లో ఇంటర్ చదివించిన ఆంధ్రా కుటుంబాలకి 2024 జూన్ 2తో పదేళ్ళ గడువు ముగిశాక ఎదురైంది ఈ తలనొప్పే.

పి.ఆర్. మీద వెళ్ళబోయేవాళ్ళలో పన్నెండు నుంచి పదిహేడేళ్ళ మధ్య పిల్లలున్నవాళ్ళే దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. చిన్నపిల్లలైతే వాళ్ళు కాలేజీకి వచ్చేసరికి మీ నాలుగేళ్ళు ఎప్పుడో నిండుతాయి. పదహారేళ్ళ పిల్లతో దిగితే మాత్రం మొదటి రెండు మూడేళ్ళ ఫీజు నగదుగా కట్టాల్సిందే, దానికి డబ్బు పక్కన పెట్టుకుని వెళ్ళండి. ఇల్లు తర్వాత కొనుక్కోవచ్చు. లేదా పిల్ల ఒక ఏడాది ఆగి చేరితే ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. మనవాళ్ళకి ఏడాది ఆగడమంటే పరువు తక్కువ. అక్కడ పిల్లలు చాలామంది ఊళ్ళు తిరిగొచ్చి చేరతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

మాస్టార్లకి ఒక విన్నపం. మా అర్జీ తొమ్మిది వారాలు ఆగింది నా పదో తరగతి సర్టిఫికెట్టు వల్ల. అందులో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఆ అక్షరమే ఈ ఇంటిపేరని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి పంపాల్సి వచ్చింది. ఇప్పుడు మీరు రాసే రికార్డుల్లో పిల్లల ఇంటిపేరు, తల్లి పేరు పూర్తిగా, ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ముప్పై ఏళ్ళ తర్వాత ఏ దేశం గుమాస్తా దాన్ని చదువుతాడో మనకి తెలీదు.

మా అమ్మాయి ఈ జనవరి నుంచి ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెబుతోంది. ఇరవై రెండు మంది పిల్లలు, అందులో ఏడుగురు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడరు. సంతోషంగానే ఉంది. లా గురించి ఒకసారి అడిగాను. "ఇప్పుడెందుకు డాడీ" అంది. నేను మళ్ళీ అడగలేదు. మా బ్యాచ్‌లో టీచర్లయినవాళ్ళు నలుగురు ఇక్కడ ఉన్నారు. టీచరవడం తక్కువని నేనంటున్నానని అనుకోకండి. ఎంచుకున్నది అదో, నా బ్యాంకు ఖాతానో అన్నదే నాకు తేలని సంగతి.

నాన్న ఇవాళ రాలేకపోయారు, మోకాళ్ళు సహకరించడం లేదు. 1989 నాటి నా స్టడీ సర్టిఫికెట్టు నకలు ఆయన ఇనప్పెట్టెలో ఉంటే ఫొటో తీసి సంచికకి ఇచ్చాను, తర్వాతి పేజీలో వేస్తామన్నారు. ఊదారంగు స్టాంపు వెలిసిపోయింది గానీ, హెడ్మాస్టరు గారి సంతకం చదవడానికి వస్తోంది.

భోజనాల తర్వాత రెండు గంటల నుంచి నేను పాత తొమ్మిదో తరగతి గదిలో ఉంటాను. వెళ్ళబోయేవాళ్ళు, పిల్లల్ని పంపబోయేవాళ్ళు వీసా కాగితాలు, పిల్లల పుట్టినతేదీలు తెచ్చుకుంటే కలిసి కూర్చుని తేదీలు లెక్కపెడదాం.